నాన్న అమ్మేసిన లారీని వెతకాలా, వద్దా?

గాజువాక నుంచి ఒక పాఠకురాలు చాలా వివరంగా ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. బండి నంబరు రాశారు కానీ అదిక్కడ వేయడం మంచిది కాదని తీసేశాను. ఉత్తరం సారాంశం ఇది.

వాళ్ల నాన్నగారు పరాయి బండ్ల మీద డ్రైవరుగా చేసి, 1995లో ఫైనాన్స్ మీద టాటా 1613 చాసిస్ (బాడీ కట్టని, ఇంజను, చక్రాలతో ఉన్న ఫ్రేము) తీసుకుని, సాలూరులో బాడీ కట్టించి సొంత లారీ ఓనరయ్యారు. ఏపీ 31 టీ సిరీస్ నంబరు. కేబిన్ నుదుటి మీద సింహాద్రి అప్పన్న పేరు, డీజిల్ ట్యాంకు మీద పిల్లలిద్దరి పేర్లు రాయించారు. విశాఖ పోర్టులో ఎరువులు ఎక్కించుకుని, సాలూరు ఘాట్ ఎక్కి, కోరాపుట్, జగదల్‌పూర్ మీదుగా రాయపూర్ వెళ్లి, బియ్యం లోడుతో తిరిగొచ్చేవారు. కొన్నాళ్లకు కొడుకే క్లీనరుగా ఎక్కాడు. 2006లో కూతురికి ఇంజినీరింగ్ సీటొచ్చింది. ఆ ఏడాదే ఒక బ్రోకర్ ద్వారా సాలూరు పార్టీకి బండి అమ్మేశారు. తర్వాత కంచరపాలెం ఇల్లు ఖాళీ చేసి గాజువాక వచ్చేశారు. నాన్నగారు మళ్లీ డ్రైవరుగానే చేశారు. అన్నయ్య ఇప్పటికీ స్టీల్ ప్లాంట్ వైపు వేరేవాళ్ల బండ్లే తోలుతున్నారు. ఈమెకు రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

నిరుడు నాన్నగారికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి సరిగా ఆడదు, మాట ముద్దగా వస్తుంది. అయినా రోజూ ఒకటే మాట: “బండెక్కడుందో చూడమ్మా.”

“నా చదువు కోసమే నాన్న బండి అమ్మేశారు. ఎంత ఖర్చయినా దాన్ని వెతికి ఆయన ముందు నిలబెట్టాలని ఉంది. వీలైతే కొనేస్తాను. అన్నయ్యకి చెబితే, ఎప్పుడో పాత ఇనుముకి కోసేసుంటారు, నీకు డబ్బులెక్కువయ్యాయా అని లేచి వెళ్లిపోయాడు. అమ్మ కూడా వద్దంటోంది. యాప్‌లో కొడితే బండి వివరాలు రాలేదు. 2019లో అందరికీ ఏపీ 39 ఇచ్చారు కదా, నంబరు మారిపోయిందేమో. ఫేస్‌బుక్‌లో పాత ఫొటో పెడితే ఒకతను ఫోన్ చేసి, బండి ఒడిశాలో ఉంది, పదివేలు పంపితే ఓనర్ పేరు, ఫొటోలు పంపిస్తానన్నాడు. ఏం చెయ్యాలో తెలియక టెన్షన్‌గా ఉంది” అని రాశారు. చివర్లో ఇంకో రెండు ముక్కలు కలిపారు. నాన్నగారు ఒకసారి “ఆ కుర్రాడు కాగితాలు మార్పించుకున్నాడా” అని అడిగారట. అమ్మిన రోజు ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేశారని, పేరు మార్పు సంగతి తామే చూసుకుంటామని కొన్నవాళ్లు అన్నారని అమ్మగారు చెప్పారట. ఇంట్లో బండి ఫైలుంది కానీ హుద్‌హుద్‌ తుఫానులో తడిసిందట.

సమాధానం

అమ్మా, ముందు ఆ పదివేలు పంపకండి. మీరు పెట్టిన ఫొటోలో నంబరు ప్లేటు కనబడుతోంది, మీ ఆరాటమూ కనబడుతోంది. మోసం చెయ్యడానికి ఆ రెండూ చాలు. నిజంగా బండి చూసినవాడైతే ఫ్రేము మీద ఉన్న చాసిస్ నంబరులో చివరి ఐదు అంకెలు చెప్పగలడు. అది అడగండి. మీరు మాత్రం ఆ అంకెలు ముందుగా చెప్పకండి, ఎక్కడా పెట్టకండి. ఫొటో కూడా నంబరు కనబడకుండా చేసి పెట్టుకోండి.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరంలో చివర పెట్టిన ఆ రెండు ముక్కల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నాన్నగారు బండి మీద బెంగతో అడుగుతున్నారని మీరనుకుంటున్నారు. బెంగ ఉండొచ్చు. కానీ “కాగితాలు మార్పించుకున్నాడా” అన్నది బెంగతో అడిగే మాట కాదు, భయంతో అడిగే మాట. ముప్పై ఏళ్లు స్టీరింగు పట్టిన మనిషికి, తన పేరు మీద ఉన్న బండి ఎక్కడో ఎవరినో గుద్దితే ఏమవుతుందో తెలుసు. బండి పేరు మార్పుకి ఇచ్చే 29, 30 నంబరు ఫారాల మీద ఖాళీగా సంతకాలు పెట్టి ఇచ్చేయడం మన దగ్గర లారీల బేరంలో మామూలే. ఆ ఫారాలు పట్టుకుని కొన్నవాడు ఇంకొకడికి, ఆ ఇంకొకడు మరొకడికి అమ్ముకుంటూ పోతారు. ఆర్‌టీఏ రికార్డులో మాత్రం మొదటి ఓనరు పేరే ఉండిపోతుంది.

చట్టం కూడా ఆ రికార్డునే చూస్తుంది. బండి ఎవరి పేరున రిజిస్టరై ఉంటే వాళ్లే ఓనరు. చేతులు మారినా పేరు మారని ఒక కారు కేసులో, ప్రమాదం నష్టపరిహారానికి రికార్డులో ఉన్న ఓనరుదే బాధ్యత అని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. మిమ్మల్ని భయపెట్టాలని ఇది రాయడం లేదు. ఇన్నేళ్లలో ఏ నోటీసూ రాలేదంటే చాలావరకు మంచిదే. కాకపోతే నోటీసు వచ్చేది సీ బుక్‌లో ఉన్న అడ్రసుకి. అది కంచరపాలెం అడ్రసైతే, అక్కడి ఇంటివాళ్లనో పక్కింటివాళ్లనో ఒకసారి అడిగి రండి.

అందుకే నాన్నగారితో ఒకపూట కూర్చోండి. మాట ముద్దగా వస్తోంది కనుక ఆయన్ని పెద్ద పెద్ద సమాధానాలు చెప్పమనకండి, అవును, కాదు అంటే సరిపోయేలా అడగండి. బండిని చూడాలని ఉందా? పేరు మారిందో లేదో అని భయమా? అప్పటికి ఫైనాన్స్ తీరిపోయిందా? ఈ మూడూ తెలిస్తే మీరు దేనికోసం వెతకాలో తేలుతుంది. ఆయనకు కావలసింది కాగితమైతే, మీరు బండి వెతుక్కుంటూ ఒడిశా అంతా తిరిగొచ్చినా ఆయన మళ్లీ అదే మాట అడుగుతారు.

రెండో పని ఆ తడిసిన ఫైలు. తొందరపడి కాగితాలు విడదీయకండి. నీడలో, ఫ్యాను కింద పెట్టి, అట్టకట్టినవాటిని మెల్లగా తీయండి. అందులో మీరు వెతకవలసినది ఒక సన్నటి కాగితం ముక్క. చాసిస్ మీద కొట్టిన అంకెల పైన పల్చటి కాగితం పెట్టి పెన్సిలు అడ్డంగా రుద్దితే, నల్లటి రుద్దుడు మధ్యలో అంకెలు తెల్లగా తేలతాయి. దాన్నే చాసిస్ ప్రింట్ అంటారు. ఫైనాన్సుకో ఇన్సూరెన్సుకో ఇచ్చేటప్పుడు రెండు మూడు ఎక్కువ తీసి ఫైల్లో పెట్టుకునేవారు. పెన్సిలు గీత కనుక తడిసినా సిరాలా కరిగిపోదు. అది దొరక్కపోతే పాత ఇన్సూరెన్స్ పాలసీ మీద, ఫైనాన్స్ అగ్రిమెంటు మీద, పర్మిట్ కాపీ మీద చాసిస్ నంబరు ఉంటుంది.

దాని కోసం ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, లారీకి మిగిలేది అదొక్కటే. బాడీ విప్పి మళ్లీ కడతారు, కేబిన్ మారుస్తారు, ఇంజను ఇంకో బండిది వేస్తారు, రంగు మారుతుంది. మీ పేర్లు రాసిన డీజిల్ ట్యాంకు ఎప్పుడో మారిపోయి ఉంటుంది. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే అక్కడి నంబరు వేయించుకోవాలి కాబట్టి ఏపీ 31 కాస్తా ఒడిశా నంబరో, ఛత్తీస్‌గఢ్ నంబరో అయి ఉండొచ్చు. ఫ్రేము మీది అంకెలు మాత్రం అవే. ఏపీ 39 సంగతి వదిలేయండి. అది 2019 నుంచి కొత్తగా రిజిస్టరయ్యే బండ్లకు ఇచ్చింది, పాత ఏపీ 31 నంబర్లు మార్చలేదు.

యాప్‌లో రాలేదని బండి లేదనుకోకండి. రాష్ట్రం దాటి కొత్త నంబరు పడి ఉండొచ్చు, పాత రికార్డు ఆన్‌లైన్‌కి ఎక్కకపోయి ఉండొచ్చు, కొట్టేటప్పుడు ఒక సున్నా తప్పి ఉండొచ్చు. కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ సైట్‌లో ఇంకోసారి చూడండి. వివరాలు వస్తే ఓనరు పేరులో కొన్ని అక్షరాలు దాచి చూపిస్తుంది, అయినా మీ నాన్నగారి పేరో కాదో పోల్చుకోవచ్చు. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఎప్పటివరకు ఉంది, ఇన్సూరెన్స్ ఉందా అన్నదీ తెలుస్తుంది. ఎఫ్‌సీ అయిపోయి పదేళ్లయితే బండి రోడ్డు మీద లేదని చాలావరకు అర్థం. ఈ-చలానా సైట్‌లో కూడా అదే నంబరు కొట్టి చూడండి. ఈమధ్య చలానా పడి ఉంటే ఏ ఊళ్లో పడిందో తెలుస్తుంది, వెతకడానికి అదే మంచి ఆనవాలు.

ఆన్‌లైన్‌లో తేలకపోతే మాధవధారలోని రవాణా శాఖ ఆఫీసు ఉంది. ఏజెంట్ల ద్వారా వెళ్లకండి. నాన్నగారి పేరు మీదే సమాచార హక్కు దరఖాస్తు పెట్టించండి, చెయ్యి ఆడకపోతే వేలిముద్ర వేయించండి. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. అందులో ఏమి అడుగుతున్నామన్నదే ముఖ్యం. “ఇప్పుడు ఓనరు ఎవరు, అడ్రసు ఏమిటి” అని అడిగితే వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపేస్తారు, అది న్యాయమే కూడా. “నా పేరున రిజిస్టరైన ఈ బండికి పేరు మార్పు జరిగిందా, ఏ తేదీన? వేరే ఆఫీసుకి మార్చుకోవడానికి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఇచ్చారా, ఏ ఆఫీసుకు? రిజిస్ట్రేషన్ రద్దయిందా?” అని అడగండి. ఆయన బండి గురించి ఆయనే అడిగే ప్రశ్నలు కనుక జవాబు రావడానికి ఎక్కువ అవకాశం ఉంది.

జవాబు మూడు రకాలుగా రావచ్చు. పేరు మారిపోయిందని వస్తే నాన్నగారి భయం అక్కడితో తీరిపోతుంది. ఆ కాగితం ఆయన చేతిలో పెట్టి, తేదీ చదివి వినిపించండి. తర్వాత వెతకడమన్నది మీ ఇష్టం, మీ తీరిక.

ఇంకా ఆయన పేరు మీదే ఉందని వస్తే, వెతకడం సరదా పని కాదు, అవసరమైన పని. అమ్మినవాళ్లు కూడా రాష్ట్రం లోపలి అమ్మకమైతే 14 రోజుల్లో ఆర్‌టీఏకి తెలపాలని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ చెబుతోంది. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. అయినా ఇప్పుడు రాసి ఇవ్వడం, ఎప్పుడూ ఇవ్వకపోవడం కంటే నయం. అమ్మిన తేదీ, కొన్నవాళ్ల పేరు, బ్రోకర్ పేరు, డబ్బు ముట్టిన రసీదు కాపీ జతచేసి, ఆఫీసులో ముద్ర వేయించుకుని ఒక కాపీ దగ్గర ఉంచుకోండి. దానితోనే బాధ్యత అంతా తీరిపోతుందని చెప్పలేను. రేపు ఏదైనా కేసు వస్తే లాయరు చేతిలో పెట్టడానికి మాత్రం పనికొస్తుంది. ఫైనాన్స్ పేరు సీ బుక్‌లో ఇంకా కొట్టేయకపోతే అది కూడా పేరు మార్పుకి అడ్డే, ఆ కంపెనీ నుంచి క్లియరెన్స్ తేవాలి. ఇప్పుడు తోలుతున్నవాళ్లు దొరికితే తగాదా పెట్టుకోకండి, ఇద్దరూ కలిసి వెళ్లి పేరు మార్పించుకోవడం వాళ్లకీ మంచిదే. బండి కోసేశారని తెలిస్తే, రికార్డు ఓనరుగా నాన్నగారే రిజిస్ట్రేషన్ రద్దుకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఇవన్నీ ఆయన వేలిముద్ర వేయగలిగి ఉండగానే అయిపోవాలి, అందుకే ఈ నెలలోనే మొదలుపెట్టమంటున్నాను.

మూడోది, ఎన్‌ఓసీ ఇచ్చి వేరే ఆఫీసుకి పంపామని రావడం. అప్పుడు వెతకవలసిన ఊరు తెలుస్తుంది. విజయనగరం అని వస్తే సాలూరు చుట్టుపక్కల, ఛత్తీస్‌గఢ్‌లో ఏదో ఆఫీసు అని వస్తే అటు.

నిజంగా బండి కోసమే వెతకాలనుకుంటే, హైవే మీద చూడకండి. వేరే రాష్ట్రాలకు సరుకు తోలడానికి ఇచ్చే నేషనల్ పర్మిట్‌కి మామూలు లారీకి వయసు పరిమితి 12 ఏళ్లు. ఆ తర్వాత పెద్ద రూట్ల మీద తిరగదు, ఊళ్ల దగ్గరే తిరుగుతుంది. క్రషర్లలో కంకర, ఇసుక, ఇటుక బట్టీలు, నీళ్ల ట్యాంకరు. చివరికి ఏ షెడ్డు వెనకో ఆగిపోతుంది. సాలూరులో లారీల మీద బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. మెకానిక్కులు, బాడీ కట్టేవాళ్లు, బుకింగ్ ఆఫీసుల్లో పాతకాపులు ఫలానావాళ్ల బండి అంటే గుర్తుపడతారు. ఇరవై ఏళ్ల కిందటి బేరమైనా “ఆ బండా, అది ఫలానా క్రషర్‌కి పోయింది” అని చెప్పేవాళ్లు దొరకొచ్చు. గాజువాక ఆటోనగర్‌లో కూడా అడగండి. అయితే వెళ్లగానే “ఆ బండి ఎక్కడుంది” అని అడిగితే ఎవరూ నోరు విప్పరు. ఫైనాన్స్ సీజింగ్ వాళ్లో, కోర్టు వాళ్లో అనుకుంటారు. ఇది మా నాన్న బండి, ఆయనకి ఒంట్లో బాగోలేదు, చూపిద్దామని వచ్చాం అని ముందే చెప్పండి.

ఆ పని మీ ఒక్కరి వల్ల కాదు. మీ అన్నయ్య వల్ల అవుతుంది. ఆ రూట్లో క్లీనరుగా తిరిగింది ఆయన, బ్రోకర్ మొహం ఎరిగింది ఆయన, ఎక్కడ వెల్డింగు వేయించారో, ఫ్రేములో ఏ అడ్డకమ్మీకి (క్రాస్ మెంబరుకి) పట్టీ కొట్టించారో తెలిసింది ఆయన. మీరు ఆయన దగ్గరికి “బండి కొనేస్తాను” అని వెళ్లారు. ఆ మాట ఆయన చెవికి ఎలా వినబడిందో ఒకసారి ఆలోచించండి. ఆ బండి అమ్మేయడంతో మీకు చదువొచ్చింది, ఆయనకి పరాయి స్టీరింగు మిగిలింది. ఇప్పుడు అదే బండిని చెల్లెలు, నాన్న చూసుకోవడానికి, లక్షలు పోసి తెచ్చి వాకిట్లో పెడతానంటోంది. ఆయన లేచి వెళ్లిపోవడం నాకు కోపంగా కనబడలేదు, పాత గాయం మీద చెయ్యి పడినట్టు కనబడింది. డబ్బు ప్రస్తావన లేకుండా, “నాన్న కాగితాల గురించి భయపడుతున్నారు, నీకు తెలిసినంత నాకు తెలియదు, నువ్వు రాకపోతే ఇది తేలదు” అని అడిగి చూడండి. రాకపోతే బలవంతపెట్టకండి. ఆర్‌టీఏ పని మీరొక్కరే చేసుకోవచ్చు.

కొనడం గురించి నా అభిప్రాయం అడిగారు కనుక చెబుతాను, నాకు అది మంచి ఆలోచనగా అనిపించలేదు. ముప్పై ఏళ్లు దాటిన లారీని రోడ్డు మీద నడపాలంటే ఏటా ఎఫ్‌సీ, మూడు నెలలకోసారి ట్యాక్స్, ఇన్సూరెన్స్, ఆపైన రిపేర్లు. పాత బండ్లకు ఎఫ్‌సీ ఫీజు కూడా ఇప్పుడు వేలల్లో ఉంది. నడపకుండా పెట్టుకోవాలంటే గాజువాకలో అంత జాగా ఎక్కడిది? ఇంతా చేసి, తుప్పు పట్టిన బండిని ఆ స్థితిలో చూడటం నాన్నగారికి ఆనందమో, కష్టమో ముందుగా చెప్పలేం. బండి దొరికితే ఆయన్ని కారులో తీసుకెళ్లి చూపించడమో, లేదా మీరే వీడియో తీసి తెచ్చి చూపించడమో చేయొచ్చు. ముందు వీడియో చూపించి, ఆయన వెళ్దామంటేనే తీసుకెళ్లండి. బండికి పెట్టాలనుకున్న డబ్బులో కొంత అన్నయ్య సొంత బండి డౌన్ పేమెంటుకి ఇవ్వడం కూడా ఒక దారి. కానీ అది జాలిపడి ఇచ్చినట్టుంటే ఆయన తీసుకోరు. నాన్నగారు బాగా మాట్లాడగలిగిన రోజున ఆయన నోటివెంట ఆ మాట వస్తే మంచిది.

మీరు ఉత్తరం పొడవునా మోసుకొచ్చిన ఇంకో బరువు ఉంది. మీ చదువు కోసమే బండి పోయిందని. 1995లో కొన్న బండి 2006కి పదకొండేళ్లది. ఇంకో ఏడాదికి 12 నిండి నేషనల్ పర్మిట్ పోయేది. రాయపూర్ రూట్ మూతపడేది, బండి ధర కూడా పడిపోయేది. లెక్క తెలిసిన లారీ ఓనరెవరైనా ఆ సంవత్సరమే అమ్మకానికి పెడతాడు. మీ ఫీజు ఒక కారణం అయి ఉండొచ్చు, ఒక్కటే కారణం అయి ఉండకపోవచ్చు. ఇది నేను తేల్చేది కాదు, చెప్పవలసినవారు మీ ఇంట్లోనే ఉన్నారు. “పర్మిట్ అయిపోతోందని కూడా అమ్మారా నాన్నా” అని అడగండి, అన్నయ్య కూడా అక్కడే ఉన్నప్పుడు అడిగితే ఇంకా మంచిది. ఆయన కాదంటే, మీ చదువు కోసమే అంటే, అది కూడా వినండి.

అమ్మగారు వద్దంటున్నారని రాశారు, ఎందుకో రాయలేదు. ఫారాల మీద సంతకాలు పెట్టిన రోజు ఆవిడ పక్కనే ఉన్నట్టున్నారు. కొన్నవాడి పేరు, సాక్షిగా ఎవరు సంతకం పెట్టారు, డబ్బు ఒకేసారి ముట్టిందా, ఇంకా ఏమైనా రావాలా అన్నవి ఆవిడకే బాగా గుర్తుండొచ్చు. ఆర్‌టీఏ ఆఫీసుకి వెళ్లే ముందు ఆ వివరాలు ఆవిడ దగ్గర కూర్చుని రాసుకోండి.